పద్దెనిమిది మూరల తాడు: హెపారిన్ ముక్క పొడవూ, రక్తపు గడ్డల నివారణా

(ప్రపంచ థ్రాంబోసిస్ దినం నాడు నర్సింగు, ఫార్మసీ విద్యార్థులూ పట్టణ పౌరులూ హాజరైన సభలో ఒక విశ్రాంత ఫార్మకాలజీ ఆచార్యులు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇవాళ అక్టోబరు 13. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పుట్టినరోజు. కాలి సిరలో కట్టిన గడ్డ అక్కడి నుంచి ఊడి, గుండె గుండా ప్రయాణించి, ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడుతుందని 19వ శతాబ్దంలో స్పష్టంగా చూపించినవాడు ఆయన. అందుకే 2014 నుంచి ఈ తేదీని థ్రాంబోసిస్, అంటే రక్తనాళాల్లో గడ్డ కట్టే జబ్బు, దినంగా పాటిస్తున్నారు.

నాకు మాత్రం ఈ జబ్బు పేరు వింటే విర్కో కన్నా ముందు ఒక పెద్దాయన గుర్తుకొస్తారు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు. ఎముకల వార్డులో తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకున్నారు. గాయం చక్కగా మానుతోంది. ఇంటికి పంపేద్దామనుకున్న రోజు పొద్దున్నే మంచం దిగి, గోడ పట్టుకుని రెండడుగులు వేసి కూలబడిపోయారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. మేము కేసు షీటులో గుండెపోటు అని రాశాము. అంతకు రెండు రోజుల ముందు ఆయన భార్య నా దగ్గరికి వచ్చి, "బాబూ, ఈ కాలు ఆ కాలికన్నా లావుగా కనిపిస్తోంది" అన్నది. కట్టు బిగుతు వల్ల అయి ఉంటుందని చెప్పి పంపించేశాను. ఆ రోజుల్లో మాకు నేర్పింది ఏమిటంటే, కాలి సిరల్లో గడ్డలు తెల్లవాళ్ల జబ్బు, మనవాళ్లకు రావు అని. అది తప్పు. మనం వెతకలేదు, కాబట్టి కనిపించలేదు. అంతే.

ఈ రోజు అలాంటి రోగికి పొట్ట మీద రోజుకు ఒక చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. మీలో చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. ఆ సిరంజిలో ఉన్నది హెపారిన్ ముక్కలు. హెపారిన్ కాదు, హెపారిన్ ముక్కలు. ఆ గొలుసును ఎందుకు ముక్కలు చేశారు, ఎంత ముక్క చేస్తే ఏమవుతుంది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందు ఒక మాట సరిచేయాలి. ఇళ్లలోనూ, చాలాసార్లు ఆసుపత్రుల్లోనూ దీన్ని 'రక్తం పలుచబరిచే ఇంజెక్షన్' అంటారు. మజ్జిగలో నీళ్లు పోసినట్టు ఇక్కడ ఏమీ జరగదు. రక్తం చిక్కదనం చిక్కదనంగానే ఉంటుంది. గడ్డకట్టే పని ఒక్కటే నెమ్మదిస్తుంది.

గడ్డకట్టడం ఎలా జరుగుతుందో తెలియాలంటే మన వంటింట్లో పాలు తోడుకోవడం తలచుకోండి. గిన్నెడు పాలకు ఒక చెంచా తోడు చాలు. రక్తంలో ఆ తోడు పాత్ర పోషించేది టెన్-ఏ అనే ఎంజైము. ఒక్క టెన్-ఏ అణువు దాదాపు వెయ్యి థ్రాంబిన్ అణువులను పుట్టించగలదని లెక్క. ఆ థ్రాంబిన్ వెళ్లి రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాల వలే గడ్డ. అంటే గడ్డను ఆపడానికి రెండు చోట్లు ఉన్నాయి. తోడు దగ్గరే ఆపవచ్చు, లేదా పుట్టిన థ్రాంబిన్‌ను పట్టుకోవచ్చు. ఈ రెండు చోట్లనూ మనసులో ఉంచుకోండి. కథంతా వీటి మధ్యే నడుస్తుంది.

ఈ రెండింటినీ పట్టుకునే ప్రోటీను మన రక్తంలోనే ఉంది. కాలేయం తయారుచేస్తుంది. పేరు యాంటీథ్రాంబిన్. ఎలుకల బోనులాంటిది. ఒక ఎరను బయటికి చాపి ఉంచుతుంది. థ్రాంబిన్ గానీ టెన్-ఏ గానీ వచ్చి దాన్ని కొరికితే ఇక విడిపించుకోలేదు. అయితే ఈ బోను చాలా నిదానంగా పనిచేస్తుంది. హెపారిన్ దాన్ని అంటుకుంటే పని దాదాపు వెయ్యి రెట్లు వేగం అందుకుంటుంది. బోనులో ఎలుక పడగానే హెపారిన్ ఊడివచ్చి ఇంకో బోనును వెతుక్కుంటుంది. అంటే హెపారిన్ తనంతట తాను గడ్డను ఆపదు. మన శరీరంలో ఉన్న కాపలాదారును తట్టి లేపుతుంది.

దాన్ని కనుగొన్న తీరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థికి ఆచార్య విలియమ్ హోవెల్ ఒక పని అప్పగించారు. రక్తాన్ని గడ్డకట్టించే కొవ్వు పదార్థాలను అవయవాల నుంచి తీసి శుద్ధి చేయాలి. ఆ కుర్రవాడు మెదడు, గుండె, కాలేయాల నుంచి పదార్థాలు తీశాడు. కాలేయం నుంచి తీసినది నిలవ ఉన్నకొద్దీ గడ్డకట్టించడం మానేసింది. ఆపైన గడ్డకట్టడాన్ని ఆపడమే మొదలుపెట్టింది. హోవెల్ నమ్మలేదు. పిల్లి రక్తం ఉన్న బీకరులో ఆ పదార్థాన్ని కలిపి, ఆచార్యుల బల్ల మీద పెట్టి, ఇది గడ్డకట్టినప్పుడు చెప్పండి అని వచ్చేశానని మెక్‌లీన్ తర్వాతి కాలంలో రాసుకున్నారు. అది గడ్డకట్టనే లేదు. 1918లో హోవెల్ దానికి గ్రీకు భాషలో కాలేయమనే అర్థం ఉన్న మాటతో హెపారిన్ అని పేరు పెట్టారు. దాన్ని మనుషులకు ఎక్కించగలిగేంత శుద్ధిగా తయారు చేసింది 1930లలో టొరంటోలోనూ స్టాక్‌హోమ్‌లోనూ. టొరంటో బృందాన్ని నడిపింది ఇన్సులిన్ కథలో మీరు విన్న చార్లెస్ బెస్టే.

ఇక గొలుసు సంగతికి వద్దాం.

హెపారిన్ అంటే చక్కెర పూసల దండ. పూసపూసకూ గంధకపు ఆమ్ల సమూహాలు అతుక్కుని ఉంటాయి. అందువల్ల దానికి విపరీతమైన రుణావేశం ఉంటుంది. మన శరీరంలో దొరికే అణువుల్లో అంత రుణావేశం ఉన్నది మరొకటి లేదంటారు. పంది పేగుల లోపలి పొర నుంచి దీన్ని తీస్తారు. అలా తీసినప్పుడు దండలన్నీ ఒకే పొడవులో రావు. కొన్ని 3,000 డాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) బరువు ఉంటే, కొన్ని 30,000 ఉంటాయి. సగటు 15,000, అంటే సుమారు 45 పూసలు. మనం సీసాలోంచి లాగి ఎక్కిస్తున్నది ఒకే మందు కాదు. వేర్వేరు పొడవులున్న వేల రకాల దండల మిశ్రమం.

1976లో వేర్వేరు బృందాలు ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టాయి. ఆ మిశ్రమంలో మూడో వంతు దండలే యాంటీథ్రాంబిన్‌ను గట్టిగా పట్టుకుంటున్నాయి. మిగతా రెండు వంతులు ఈ పనికి దాదాపు అక్కరకు రావు. ఎందుకలా? ఆ మూడో వంతులో ప్రత్యేకమైన ఐదు పూసల వరస ఒకటి ఉంది. ఆ ఐదింటి నడుమ పూస మీద, మామూలుగా ఎక్కడా కనిపించని చోట ఒక గంధక సమూహం ఉంటుంది. అదే తాళంచెవి పన్ను. స్వీడన్‌లో లిండాల్ బృందమూ, పారిస్‌లో షోయే బృందమూ 1980ల మొదట్లో దాన్ని తేల్చారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఐదు పూసలు యాంటీథ్రాంబిన్‌ను పట్టుకోగానే దాని ఆకారం మారి, ఎర ఇంకా బయటికి వస్తుంది. టెన్-ఏను పట్టుకోవడానికి అది చాలు. దండ ఎంత పొడవున్నా ఒకటే, ఎంత పొట్టిగా ఉన్నా ఒకటే. థ్రాంబిన్ విషయం అలా కాదు. థ్రాంబిన్‌ను పట్టాలంటే దండ ఒక కొసన యాంటీథ్రాంబిన్‌నూ, ఇంకో కొసన థ్రాంబిన్‌నూ ఒకేసారి పట్టుకుని దగ్గరకు లాగాలి. దానికి కనీసం 18 పూసలు కావాలి. బరువులో చెప్పాలంటే సుమారు 5,400 డాల్టన్లు.

మా ఊళ్లో నుయ్యి ఉండేది. నీళ్లు పద్దెనిమిది మూరల లోతున ఉన్నాయనుకోండి. మీ చేద తాడు పదిహేడు మూరలు ఉంటే ఎన్ని నీళ్లు వస్తాయి? పద్దెనిమిదిలో పదిహేడు వంతులు రావు. చుక్క కూడా రాదు. తాడు పాతిక మూరలున్నా, నలభై ఉన్నా నీళ్లు వస్తాయి. హెపారిన్‌కూ థ్రాంబిన్‌కూ మధ్య సంబంధం అలాంటిది. అది వాలులా క్రమంగా తగ్గదు, గట్టు దాటినట్టు ఒక్కసారిగా ఆగిపోతుంది. టెన్-ఏ విషయంలో తాడుతో పనే లేదు, ముడి పడితే చాలు.

టెన్-ఏ మీద ప్రభావానికీ థ్రాంబిన్ మీద ప్రభావానికీ మధ్య నిష్పత్తులను విద్యార్థులు బట్టీ పట్టి తికమకపడుతుంటారు. ఈ నుయ్యిని గుర్తుంచుకుంటే బట్టీ అవసరం లేదు. మామూలు హెపారిన్‌లో దాదాపు అన్ని దండలూ పద్దెనిమిదికి మించినవే. కాబట్టి టెన్-ఏ మీదా థ్రాంబిన్ మీదా దాని ప్రభావం ఒకటికి ఒకటి. దాన్ని రసాయనాలతో గానీ ఎంజైముతో గానీ ముక్కలు చేస్తే సగటు బరువు 4,000 నుంచి 6,500 దాకా దిగుతుంది. ఆ ముక్కల్లో పావు వంతు నుంచి సగం దాకా మాత్రమే పద్దెనిమిది పూసలను చేరతాయి. మిగిలినవి టెన్-ఏను మాత్రమే ఆపుతాయి. కాబట్టి నిష్పత్తి టెన్-ఏ వైపు మొగ్గుతుంది. ఇలాంటి ముక్కల మందుల్లో టింజపారిన్ సగటున 6,500, దాని నిష్పత్తి రెండుకు లోపే. డాల్టెపారిన్ 6,000, నిష్పత్తి రెండున్నర. ఎనాక్సపారిన్ 4,500, నిష్పత్తి నాలుగుకు దగ్గర. ముక్క చిన్నదయ్యేకొద్దీ నిష్పత్తి పెరుగుతుంది. ఈ మూడింటినీ ముక్కలు చేసే పద్ధతులు వేరు. టింజపారిన్‌కు హెపారినేజ్ ఎంజైము, డాల్టెపారిన్‌కు నైట్రస్ ఆమ్లం, ఎనాక్సపారిన్‌కు క్షారం వాడతారు. అందుకే ఒకదాని బదులు మరొకదాన్ని అదే మోతాదులో ఇవ్వకూడదు. వార్డులో ఈ పొరపాటు జరగడం చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముక్కలు చేయాలన్న ఆలోచన వెనుక ఒక పెద్ద ఆశ ఉండేది. దానికి పునాది వేసినవారిలో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో పనిచేసిన భారతీయ సంతతి సర్జన్ విజయ్ కక్కర్ ఒకరు. ఆయన నడిపి 1975లో ఫలితాలు వెలువరించిన అంతర్జాతీయ పరీక్షలో 4,121 మంది ఆపరేషన్ రోగులు పాల్గొన్నారు. సగం మందికి ఆపరేషన్‌కు రెండు గంటల ముందు 5,000 యూనిట్ల హెపారిన్ చర్మం కిందికి ఇచ్చి, తర్వాత ఏడు రోజులు ఎనిమిది గంటలకొకసారి ఇచ్చారు. మిగిలిన సగానికి ఇవ్వలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ చేరి చనిపోయినవారు ఇవ్వనివాళ్లలో 16 మంది, ఇచ్చినవాళ్లలో ఇద్దరు. ఈ సంఖ్యలు చదివిన రోజు నేను మా పెద్దాయన గురించి చాలాసేపు ఆలోచించాను.

ఇంత చిన్న మోతాదు ఎలా పనిచేసింది? గడ్డ ఇంకా మొదలుకాకముందు తోడు చుక్కను పట్టుకోవడానికి కొంచెమే చాలు. పెరుగు తోడుకున్నాక దాన్ని మళ్లీ పాలుగా మార్చలేం. అప్పుడు శాస్త్రవేత్తలు ఇలా తర్కించారు: నివారణకు టెన్-ఏను ఆపితే సరిపోతుంది, రక్తస్రావం థ్రాంబిన్‌ను అణచడం వల్ల వస్తోంది, కాబట్టి చిన్న ముక్కలు వాడితే గడ్డలు ఆగుతాయి, రక్తం కారదు. జంతువుల మీద చేసిన ప్రయోగాలు ఈ ఆశకు బలమిచ్చాయి.

మనుషుల మీద పరీక్షలు జరిగాక తేలింది ఇది: గడ్డల నివారణ బాగా జరిగింది, రక్తస్రావంలో తేడా మాత్రం ఆశించినంత రాలేదు. మోతాదు పెంచితే చిన్న ముక్కలతోనూ రక్తం కారుతుంది. నిష్పత్తి నాలుగు ఉన్న మందు రెండు ఉన్న మందుకన్నా రెట్టింపు సురక్షితమని ఎవరూ నిరూపించలేదు. మందుల ప్రతినిధులు నిష్పత్తి అంకె చూపించి తమది మేలని చెప్పేవారు. నేను దాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు.

మరి ముక్కలు చేయడం వృథా అయిందా? కాదు. గెలుపు మరో తలుపులోంచి వచ్చింది. ఈ ప్రసంగంలో మీరు ఒక్క సంగతే ఇంటికి తీసుకెళ్లదలచుకుంటే దీన్ని తీసుకెళ్లండి.

పొడవాటి కొంగుతో కంపచెట్ల మధ్య నడిచే మనిషిని తలచుకోండి. అడుగడుగునా కొంగు ముళ్లకు తగులుకుంటుంది. పొడవాటి హెపారిన్ దండ కూడా రక్తంలో అలాగే దారిలో కనిపించిన ప్రతి ధనావేశ ప్రోటీనుకూ, రక్తనాళాల గోడలకూ, చెత్త ఏరే కణాలకూ తగులుకుంటుంది. జబ్బుపడ్డ మనిషి రక్తంలో ఆ ప్రోటీన్లు ఇంకా పెరుగుతాయి. అందువల్ల చర్మం కింద చిన్న మోతాదు ఇస్తే మూడో వంతు కూడా సరిగా రక్తంలోకి చేరకపోవచ్చు. ఒకే బరువున్న ఇద్దరికి ఒకే మోతాదు ఇస్తే ఒకరికి సరిపోతుంది, ఒకరికి సగం కూడా కాదు. సిరలోకి డ్రిప్పు పెట్టిన రోగికి ఆరు గంటలకొకసారి రక్తం తీసి గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్షకు పంపేవాళ్లం. ఫలితం వచ్చేసరికి డ్రిప్పు వేగం మార్చాలి, మళ్లీ ఆరు గంటలకు రక్తం. మా సిస్టర్లు రాత్రంతా ఆ సీసాలతోనే గడిపేవారు.

చిన్న ముక్కకు తగులుకునే కొంగు లేదు. చర్మం కింద ఇచ్చినదానిలో 90 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది. మామూలు హెపారిన్ అర్ధాయువు, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, గంట అటూఇటూ ఉంటే దీనిది మూడు నుంచి ఆరు గంటలు. రోజుకు ఒకసారి, లేదా రెండుసార్లు చాలు. బరువును బట్టి మోతాదు లెక్కగట్టవచ్చు. చాలామందికి రక్త పరీక్షే అక్కర్లేదు. 1986లో తుంటి మార్పిడి చేయించుకున్న వందమంది మీద కెనడాలో ఒక పరీక్ష జరిగింది. ఎనాక్సపారిన్ తీసుకోనివాళ్లలో 42 శాతానికి కాలి సిరల్లో గడ్డలు కనిపించాయి, తీసుకున్నవాళ్లలో 12 శాతానికి. 1996లో కెనడా నుంచీ నెదర్లాండ్స్ నుంచీ వచ్చిన రెండు పరీక్షలు, గడ్డ అప్పటికే కట్టిన రోగికి కూడా ఇంటి దగ్గరే వైద్యం చేయవచ్చని చూపించాయి. అంటే రోగి డ్రిప్పు స్టాండుకు కట్టుబడి వారం రోజులు పడుకోనవసరం లేదు. ముక్క చిన్నదైతే రక్తస్రావం ఆగుతుందని ఆశించారు. ముక్క చిన్నదయ్యాక రోగి ఇంటికి వెళ్లగలిగాడు. నా దృష్టిలో ఇది ఆశించినదానికన్నా పెద్ద వరం.

ఇంకో లాభం కూడా వచ్చింది. హెపారిన్ ఇచ్చిన కొందరికి ఐదు నుంచి పది రోజుల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి, విచిత్రంగా కొత్త గడ్డలు పుడతాయి. పొడవాటి దండ ప్లేట్‌లెట్ ప్రోటీన్లను ఒకచోట గుత్తిగా చుట్టడం వల్ల మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువనుకుంటుంది. 1995లో తుంటి ఆపరేషన్ రోగుల మీద చేసిన అధ్యయనంలో మామూలు హెపారిన్ తీసుకున్న 332 మందిలో తొమ్మిది మందికి ఇది వచ్చింది. ఎనాక్సపారిన్ తీసుకున్న 333 మందిలో ఒక్కరికీ రాలేదు.

అయితే ఇంకా చిన్నది చేస్తే ఇంకా మంచిదేనా? ఈ ప్రశ్నకు జవాబు కూడా దొరికింది.

ఆ ఐదు పూసలను మాత్రమే, ఏ జంతువుతోనూ పని లేకుండా ప్రయోగశాలలో కట్టారు ఫ్రాన్స్‌లో పెటిటూ, సినాయ్ బృందం. యాభైకి పైగా రసాయన దశలు. 2001లో ఫాండాపారినక్స్ అనే పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. బరువు 1,728 డాల్టన్లు. ఇది మిశ్రమం కాదు, ప్రతి అణువూ ఒకటే. థ్రాంబిన్ మీద నేరుగా ప్రభావం సున్నా. అర్ధాయువు 17 గంటలకు పైనే. అంత కష్టమైన సంశ్లేషణను మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఆస్ట్రేలియాకు చెందిన ఆల్కెమియా పద్ధతితో చేసి, 2011లో అమెరికాలో జెనెరిక్ మందుకు అనుమతి సంపాదించింది. మామూలు హెపారిన్ విషయంలోనూ హైదరాబాదుకు పాత సంబంధం ఉంది. 1978లో అక్కడ పి.వి.ఎన్. రాజుగారు స్థాపించిన గ్లాండ్ ఫార్మా దేశంలో హెపారిన్ తయారీకి దారి వేసినవాటిలో ఒకటి. మన విద్యార్థులు ఈ సంగతి తెలుసుకుని గర్వపడాలని నా కోరిక.

2006లో వచ్చిన ఒయాసిస్-5 పరీక్షలో 20 వేల మందికి పైగా గుండె రోగులు ఉన్నారు. ఎనాక్సపారిన్‌తో పోలిస్తే ఫాండాపారినక్స్ ఇచ్చినవారిలో పెద్ద రక్తస్రావాలు సగానికి తగ్గాయి. కానీ యాంజియోప్లాస్టీ చేసేటప్పుడు లోపలికి పంపే సన్నని గొట్టాల మీద గడ్డలు పెరిగాయి. ప్లాస్టిక్కూ లోహమూ తగిలినప్పుడు రక్తంలో థ్రాంబిన్ ఒక్కసారిగా పుట్టుకొస్తుంది. అక్కడ పొట్టి తాడు నీటిని అందుకోలేదు. పొడవాటి హెపారిన్ అదనంగా ఇవ్వాల్సి వచ్చింది. గుండె ఆపరేషన్‌లో రోగి రక్తమంతా యంత్రం గుండా తిరుగుతున్నప్పుడు ఈ రోజుకూ వాడేది మెక్‌లీన్ కాలం నాటి పొడవాటి హెపారినే. దానికి ఇంకో గుణముంది. ఆపరేషన్ అయ్యాక ప్రోటమిన్ అనే విరుగుడు ఇస్తే అది పూర్తిగా విరుగుతుంది. చిన్న ముక్కల మందును ప్రోటమిన్ సగానికి కాస్త పైగా విరుస్తుంది. ఐదు పూసలను అసలు తాకనే తాకదు.

ఐదు పూసలకే మార్పులు చేసి వారానికి ఒక ఇంజెక్షన్ చాలేలా ఐడ్రాపారినక్స్ అనే మందు తయారుచేశారు. గుండె లయ తప్పినవారి మీద జరిపిన పరీక్షను రక్తస్రావాల వల్ల మధ్యలోనే ఆపేశారు. రక్తం కారుతుంటే మందు ప్రభావం దిగేదాకా వారాలు ఎదురుచూడాలి, విరుగుడు లేదు. మందు శరీరంలోకి పోవడం ఎంత ముఖ్యమో బయటికి రావడమూ అంతే ముఖ్యం.

బయటికి వచ్చే దారి గురించి ఒక హెచ్చరిక. పొడవాటి దండలను కణాలే మింగేస్తాయి, మూత్రపిండాల మీద భారం తక్కువ. చిన్న ముక్కలు ప్రధానంగా మూత్రపిండాల గుండానే పోతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి అదే మోతాదు రోజూ ఇస్తే మందు పేరుకుపోతుంది. మధుమేహం ఇన్ని ఇళ్లలో ఉన్న మన ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూడకుండా సిరంజి విప్పవద్దు.

ప్రశ్నలు ఉన్నాయంటున్నారు. అడగండి.

ఒక విద్యార్థిని: కోవిడ్ సమయంలో అందరికీ ఈ ఇంజెక్షన్లు ఇచ్చారు కదా. పెద్ద మోతాదు ఇస్తే ఇంకా మంచిదా, సార్?

మంచి ప్రశ్న. 2021లో వచ్చిన అంతర్జాతీయ పరీక్షల్లో, ఆసుపత్రిలో చేరినా ఐసీయూ దాకా వెళ్లనివారికి పెద్ద మోతాదు కొంత మేలు చేసింది. అప్పటికే ఐసీయూలో ఉన్నవారికి మేలు చేయలేదు. పాలూ పెరుగూ అన్నాను కదా, తోడుకోకముందు పట్టుకోవాలి. 2020లో చైనా నుంచి వచ్చే ముడిసరుకు ధర పెరిగి, మన దేశంలో హెపారిన్ గరిష్ఠ ధరను 50 శాతం పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతించవలసి వచ్చింది. ప్రపంచమంతా పంది పేగుల మీద ఆధారపడి ఉంది కాబట్టి అలా జరిగింది. 2008లో ఆ ముడిసరుకులో కల్తీ జరిగి అమెరికాలో మరణాలు కూడా సంభవించాయి. కల్తీ పదార్థం కూడా గంధక సమూహాలున్న పొడవాటి చక్కెర దండే. గడ్డకట్టే సమయాన్ని మాత్రమే కొలిచే పాత పరీక్షలకు అది దొరకలేదు.

ఒక పెద్దాయన: పంది నుంచి తీస్తారని మాకెవరూ చెప్పలేదండి. మా బంధువుల్లో కొందరు అది తెలిస్తే ఒప్పుకోరు.

మీరు అడిగింది న్యాయమైన మాట. చెప్పాలి. రోగికి తెలుసుకునే హక్కు ఉంది. కొన్ని మతాల పెద్దలు ప్రాణం కాపాడే మందుగా దీన్ని అనుమతించారు. అయినా ఎవరికైనా మనసు ఒప్పకపోతే ఫాండాపారినక్స్ ఉంది, అది పూర్తిగా ప్రయోగశాలలో కట్టినది. మూత్రపిండాలు బాగుంటే చాలా సందర్భాల్లో నివారణకు దాన్ని వాడవచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

ఒక గృహిణి: మా అమ్మాయికి రెండుసార్లు గర్భం నిలవలేదండి. ఈసారి మొదటి నెల నుంచే రోజూ పొట్ట మీద ఈ ఇంజెక్షన్ ఇస్తున్నారు. బిడ్డకు ప్రమాదమా?

బిడ్డకు ప్రమాదం లేదమ్మా. ఈ ముక్కలు ఎంత చిన్నవైనా, వాటి ఆవేశం వల్లా పరిమాణం వల్లా మాయను దాటి బిడ్డ దగ్గరికి వెళ్లవు. అయితే మీ అమ్మాయికి యాంటీఫాస్ఫోలిపిడ్ (గడ్డలకూ గర్భస్రావాలకూ దారితీసే ఒక రోగనిరోధక జబ్బు) పరీక్షలు చేశారా అని డాక్టరుగారిని అడగండి. ఆ జబ్బు ఉంటే ఆస్పిరిన్‌తో కలిపి హెపారిన్ ఇవ్వడం సరైన వైద్యమే. ఏ కారణమూ దొరకని గర్భస్రావాలకు మాత్రం ఇది ఉపయోగపడలేదని 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష తేల్చింది. అవసరం లేకుండా తొమ్మిది నెలలు రోజూ సూది పొడిపించుకోవడం, అంత ఖర్చు భరించడం నాకు బాధ కలిగిస్తుంది. మందు మీరే ఆపేయకండి. ముందు అడగండి.

మరొక విద్యార్థి: మన ఆసుపత్రుల్లో నివారణ ఇప్పుడు సరిగ్గా జరుగుతోందా?

32 దేశాల్లో జరిపి 2008లో ఫలితాలు వెలువరించిన ఎండోర్స్ అనే సర్వేలో మన దేశపు ఆసుపత్రులు కూడా ఉన్నాయి. చేరిన రోగుల్లో సగానికి పైగా గడ్డల ప్రమాదంలో ఉన్నారు. ప్రమాదంలో ఉన్న మనవాళ్లలో ఐదో వంతు మందికి కూడా సరైన నివారణ అందలేదు. అప్పటికన్నా ఇప్పుడు మెరుగని నా చుట్టూ చూసి చెప్పగలను. కానీ చాలాచోట్ల ఈ నిర్ణయం ఇంకా ఎవరో ఒకరు గుర్తుచేస్తేనే జరుగుతోంది. ఆ గుర్తుచేసే మనిషి మీలో ఒకరు కావచ్చు. మంచం పక్కన ఎక్కువసేపు ఉండేది సిస్టర్లే. కాలు వాచిందని ఇంటివాళ్లు చెబితే రెండు పిక్కలూ టేపుతో కొలవండి. మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే డాక్టరును పిలవండి. కట్టు బిగుతని చెప్పి పంపకండి.

చివరగా, ఇంటి దగ్గర సూది ఇచ్చేవాళ్ల కోసం చేత్తో చూపిస్తాను. నింపి వచ్చే ఎనాక్సపారిన్ సిరంజి ఇది. మొత్తం మోతాదు ఇచ్చేటప్పుడు లోపల కనిపించే చిన్న గాలిబుడగను బయటికి తీయకండి. అది మందును పూర్తిగా లోపలికి నెట్టడానికే ఉంది. బొడ్డుకు కనీసం రెండంగుళాల దూరంలో, పక్కగా చర్మాన్ని మడతపట్టండి. సూదిని నిలువుగా మొత్తం దించండి. మందు పూర్తిగా పోయేదాకా మడత వదలకండి. ఈ రోజు కుడివైపు ఇస్తే రేపు ఎడమవైపు. సూది తీశాక అక్కడ రుద్దకండి, రుద్దితే కమిలిపోతుంది. ఎవరైనా ముందుకు వచ్చి ఈ స్పాంజి మీద చేసి చూడండి.